రేపటి అక్కలు

ఒకటి. భాద్రపదం, పోటు రోజులు

పొద్దున్నే ఇంట్లో చేరిన నీళ్ళు ఎత్తిపోసి, తడిసిన గోనెపట్టాలు పిండి ఆరేసి, మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తిని బడికి బయల్దేరాను. చెక్కల వీధి మలుపులో ఎదురైనవాళ్ళు ఎక్కడికని అడిగితే కాయితాల పనుందని చెప్పాను. యాభై దాటిన మనిషి బడికి పోతున్నానని నలుగురిలో చెప్పుకోవడం అంత తేలిక కాదు.

బడిలో రోజూ కాకపోయినా అప్పుడప్పుడూ దినచర్య రాయమన్నారు. ఎందుకని అడిగితే "రాస్తే తెలుస్తదండి" అన్నారు పర్యవేక్షకులు ఏసుపాదం గారు. ఏం తెలుస్తుందో మాత్రం చెప్పలేదు. సరే, రాస్తున్నాను.

నా పేరు మంగతాయారు. మొన్నటిదాకా పెద్ద రేవులో పడవల రాకపోకలు మైకులో చెప్పేదాన్ని. ఒకనాడు నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి, వారం పాటు ఏవేవో చదివించి, నా గొంతు మొత్తం యంత్రంలోకి ఎక్కించుకున్నారు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళమన్నారు. ఇప్పటికీ రేవులో నా గొంతే పలుకుతుంది. దానికి జలుబు చెయ్యదు, దగ్గు రాదు, జీతం అక్కర్లేదు. అటుగా వెళ్ళినప్పుడు నన్ను నేనే వింటూ పడవ ఎక్కుతాను.

ఇలా పని పోయినవాళ్ళకి ఊరు రెండో చదువు చెప్పిస్తుంది. జీవితంలో ఒక్కసారే. రెండు విద్యలకి అర్జీ పెట్టుకోవచ్చు, దక్కేది ఒకటే. నేను ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మర నడిపే విద్యకి ఒకటి పెట్టాను, పాటలు కట్టే విద్యకి ఒకటి పెట్టాను. మొదటిది మా ఆయన చెప్పాడని పెట్టాను. రెండోది ఆయనకి చెప్పకుండా పెట్టాను.

మా ఆయన సత్తిరాజు ఒకప్పుడు పడవ సరంగు. పడవలు వాటంతట అవే నడవడం మొదలుపెట్టాక, రెండో చదువు చదివి చెక్కల వీధులు బిగించే పనిలో చేరాడు. ఊరంతా నీళ్ళ మీదే తేలుతుంది కాబట్టి ఆ పనికి కరువు లేదు. రోజంతా నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చోవాలి. సాయంత్రానికి ఆ మోకాళ్ళు బూరెల్లా పొంగుతాయి. మర నడిపేవాళ్ళకి పై వరసలో పొడి ఇల్లిస్తారు. పాటలు కట్టేవాళ్ళకి తిండిగింజలిస్తారు, ఇల్లివ్వరు. ఇంతకంటే ఈ లెక్కలో దాచడానికేమీ లేదు.

రెండు. భాద్రపదం, పోటు తగ్గి పాటు మొదలైంది

ఇవాళ గొంతుల గది చూపించారు. గది అంటే ఒక కుర్చీ, చెవికి పెట్టుకునే తొడుగు, అంతే.

"ఇక్కడ పని పేరు చూసి చదువెంచుకోరండమ్మా, మనిషిని చూసి ఎంచుకుంటారు" అన్నారు ఏసుపాదం గారు. "మీ గొంతూ, మీ గుణమూ, మీ ఇన్నేళ్ళ బతుకూ అన్నీ తీసుకుని మా యంత్రం ఇద్దరు మనుషుల్ని అల్లింది. ఇద్దరూ మీరేనండి, డెబ్బయ్యో పడిలో. ఒకావిడ మరకెళ్ళినావిడ, ఒకావిడ పాటలకెళ్ళినావిడ. ఎవరు ఎవరన్నది మాత్రం చెప్పరు. మాట్లాడి చూసుకోవాలి. మాఘంలో వచ్చి, ఈ మనిషిలా ఉంటానని గొంతు చెప్పాలి. ఆ గొంతుది ఏ విద్యయితే అదే మీకు."

"నువ్వేం పని చేస్తావక్కా అని అడిగితే?"

"అలొస్తదండి" అని నవ్వారు.

ఆ గొంతులు తమ పని గురించి గానీ, పనితో వచ్చిన ఇంటి గురించి గానీ మాట్లాడబోతే యంత్రం ఆ మాటల మీద సముద్రపు హోరు పోస్తుంది. బడిలో దీన్ని అల కొట్టడమంటారు. గొంతుల్ని అక్కలనీ, అన్నలనీ పిలుస్తారు. పేరు చూసి ఎంచుకున్న పాతకాలంలో గొప్ప పేరున్న పనుల్లో చేరి ఏడ్చినవాళ్ళు ఎక్కువయ్యారట. అందుకని పెద్దలు ఈ పద్ధతి పెట్టారు.

పద్ధతి పెద్దలదే అయినా బుద్ధి మనది. వచ్చినవాళ్ళందరూ మనిషిని వినడం మానేసి, ఏ గొంతుది ఏ పనో ఊహించే పనిలో పడతారు. నేనూ అంతే. మా వీధి పేర్రాజు వంటవాడవుదామని ఒక గొంతు ఎంచుకుంటే తాళ్ళు పేనే పని వచ్చింది. ఎలా పొరబడ్డావని ఎవరడిగినా చెప్పడు.

మూడు. ఆశ్వయుజం

ఇద్దరితోనూ నాలుగైదు దఫాలు మాట్లాడాను.

మొదటి అక్క నెమ్మదైన మనిషి. "తిన్నావా తల్లీ? ఏం కూర చేశావు?" అని మొదలుపెడుతుంది. నా గొంతే, కానీ అందులో గరుకు పోయింది.

"రోజంతా ఏం చేస్తావక్కా?" అన్నాను.

"పొద్దుటిపూట..." అల కొట్టింది. అది తగ్గాక మళ్ళీ ఆవిడే అంది. "తర్వాత కిటికీ దగ్గర కూర్చుంటానే. పాటలు వింటాను, పాడుకుంటాను. పాట లేని బతుకేం బతుకు? మనసుకి తిండి పెట్టేది అదొక్కటే."

ఆవిడ పాట గురించి మొదలుపెడితే ఆపదు. ఏ రాగం ఏ వేళకి బాగుంటుందో, వానాకాలం గొంతు ఎలా పలుకుతుందో, మాట రాగంలో ఎలా ఒదగాలో చెబుతూనే ఉంటుంది. వింటూంటే నాకు గంట గడిచినట్టు తెలియదు.

రెండో అక్క దగ్గర గంట గడవదు. "ఊఁ, చెప్పు. తొందరగా చెప్పు, పనుంది" అంటుంది ఎత్తుకోవడంతోనే.

"ఎలా ఉన్నావక్కా?"

"ఎలా ఉంటాను? నడుం నొప్పి. నిన్న చేసింది ఇవాళ చూస్తే పనికిరాలేదు. మొత్తం ఊడదీసి..." అల. "...మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకోళ్ళయితే వదిలేద్దురు. నాకు చేతకాదు. పొద్దుట్నించీ..." మళ్ళీ అల.

ఆవిడతో మాట్లాడటమంటే సముద్రం ఒడ్డున నిలబడటమే. సగం మాటలు నీళ్ళపాలు. తుప్పు పట్టిన మరతో డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ కుస్తీ పడుతున్నట్టు నా కళ్ళకి కట్టింది. జాలేసింది. ఆ ముసలమ్మ నేనే అని గుర్తొచ్చాక భయమేసింది.

నాలుగు. కార్తీకం

ఇంట్లోవాళ్ళు ఒకసారి వచ్చి వినొచ్చు. ఆయన్ని తీసుకెళ్ళాను. పాటల అర్జీ సంగతి అప్పటికే తెలిసిపోయి, మూతి ముడుచుకుని, మళ్ళీ విప్పుకుని కూడా అయింది.

మొదటి అక్క ఆయన్ని "బాగున్నారా అండీ" అని పలకరించింది. ఆయన కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. నేనెప్పుడు అంత మర్యాదగా పిలిచానో ఆయనకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

రెండో అక్క ఆయన గొంతు వినగానే, "ఆ మోకాళ్ళకి నూనె రాసుకోమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అందుకుంది.

బయటికొచ్చాక ఆయన ఆపకుండా నవ్వాడు. "మొదటావిడెవరోగానీ బంగారవేనే. రెండో ఆవిడ మాత్రం అచ్చం నువ్వే."

ఇంటికొచ్చి అన్నం పెడుతుంటే నవ్వు తగ్గించి అడిగాడు. "ఆ తిట్టే ఆవిడేనా మర నడిపేది?"

"అలాగే ఉంది మరి."

"అయితే ఆవిణ్ణే ఎంచుకోవే. తిడితే తిట్టింది. నీ తిట్లు నాకు అలవాటే. పొద్దున్నే లేచి పొడి నేల మీద కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో తెలుసా నాకు?"

తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ తడి ఇద్దరం కలిసే తుడుస్తున్నాం. పప్పు వడ్డించాను. ఆయన అడిగింది అన్యాయం కాదు. న్యాయమైనది అడిగినప్పుడే కోపం ఎక్కువ వస్తుంది.

ఐదు. మార్గశిరం

పాట ఎందుకు కావాలో ఇక్కడ రాసిపెడతాను. ఏసుపాదం గారు చదువుతారేమో, చదవనీ.

మా ఊళ్ళో పాటలకి కొదవ లేదు. ఎవరి మనసుకి తగ్గ పాట వాళ్ళకి, అడిగిన క్షణంలో యంత్రమే కట్టి ఇస్తుంది. ఒక్క చావు దగ్గర మాత్రం యంత్రం పాట పెట్టకూడదు. అది కట్టుబాటు. పోయిన మనిషి మీద మరో మనిషి కట్టిన పాటే పాడాలి. అందుకే ఊరు ఇంకా పాటలు కట్టేవాళ్ళని పోషిస్తోంది.

మా అమ్మ పోయిన రోజున ఊళ్ళో ఉన్న ఒక్క పాటలు కట్టేవాడూ జ్వరంతో పడి ఉన్నాడు. పక్క ఊరివాడు వచ్చేసరికి పొద్దుపోతుందన్నారు. అమ్మ పాట లేకుండానే వెళ్ళిపోయింది. మైకులో ఊరందరికీ దారి చెప్పే కూతురుండి, అమ్మకి ఒక్క మాట చెప్పలేకపోయింది. ఆ వారంలోనే ఒక పల్లవి కట్టాను.

నీళ్ళొచ్చిన దారెంట నావొచ్చేనా
నావొచ్చిన రేవెంట నువ్వొచ్చేనా

చరణం రాలేదు. వస్తుందిలే అనుకుంటూ పడవల వేళలు చెబుతూ కూర్చున్నాను. ఎవరికీ వినిపించలేదు. ఆయనక్కూడా.

ఇవాళ మొదటి అక్కని అడిగాను, ఆ పల్లవి గుర్తుందా అని.

"గుర్తుండకపోవడమేంటే!" అని ఎత్తుకుంది. డెబ్బయ్యేళ్ళ గొంతులో నా పల్లవి. ఎక్కడా తొణకలేదు, పై స్థాయిలో కూడా బెదరలేదు. పాడటం అయ్యాక, "ఎంత బాగా కట్టావే! రోజూ పాడుకుంటాను. ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం మార్చలేదు. మార్చాలనిపించదు" అంది.

తొడుగు తీసేసి ఏడ్చాను. నా పాట ఒకరికి నచ్చడం అదే మొదటిసారి. ఆ ఒకరు నేనే అయినా సరే.

ఇంక ఎంచుకోవడానికేముంది? మొదటి అక్కే. మాఘం దాకా ఆగడమే మిగిలింది. మోకాళ్ళ సంగతి ఆయనకి ఎలా చెప్పాలన్నది వేరే బాధ.

ఆరు. పుష్యం, పెద్ద పోటు

ఇద్దరితోనూ సమానంగా మాట్లాడాలని నియమం. నేను మొదటి అక్క దగ్గరే కాలమంతా గడిపేశానని ఏసుపాదం గారు రెండో అక్క దగ్గర కూర్చోబెట్టారు. మొక్కుబడిగా కూర్చున్నాను. మాటలేమీ తోచక, ఆవిడనీ అదే అడిగాను.

"అమ్మ మీద కట్టిన పల్లవి గుర్తుందా అక్కా?"

అల కొట్టింది. ఎప్పుడూ కొట్టేదానికంటే పెద్దది. హోరు ఎంతకీ తగ్గలేదు. తగ్గిన చోట ఒక్క మాట మాత్రం బయటపడింది.

"...అమ్మకి పడవంటే చచ్చేంత భయం కదే!"

మళ్ళీ హోరు. చివర్న, "వింటున్నావా? ఉంటా మరి, పనుంది" అని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీధిలోకి వచ్చి గబగబా నడిచాను. మర తిప్పుకునే మనిషికి నా పాట జోలికి రావడమెందుకు అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆగిపోయాను. మర తిప్పుకునే మనిషి పాట గురించి మాట్లాడితే అల ఎందుకు కొడుతుంది?

అల పని మీదే కొడుతుంది. మొదటి అక్క ఇన్ని నెలలు రాగాలూ మాటలూ పల్లవులూ అని చెప్పింది. వాటిమీద ఒక్కసారి కూడా అల కొట్టలేదు. అవి ఆవిడ పని కాదు. పొద్దుటిపూట మర దగ్గరికి పోయి వచ్చి, పొడి ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని పాటని ప్రేమించుకుంటోంది. పాట కట్టే మనిషికి పాటని మెచ్చుకునే తీరిక లేదు. ఊడదీస్తోంది, విసుక్కుంటోంది, నడుం పట్టుకుంటోంది.

తిన్నగా పేర్రాజు ఇంటికి వెళ్ళాను. "నిజం చెప్పు పేర్రాజూ, నువ్వెలా పొరబడ్డావు?"

అటూ ఇటూ చూసి చెప్పాడు. "ఓ అన్న ఎప్పుడూ పులుసులూ వేపుళ్ళూ అనేవోడండి. నోరూరిపోయేదనుకోండి. ఆడే వంటోడనుకున్నాను. వంటోడికి తిండి మీద యావుండదని నాకేం తెలుసండీ?"

నవ్వు రాలేదు. ఇంటికొచ్చి నీళ్ళు ఎత్తిపోస్తూ ఆలోచించాను, పాట సంగతి కాదు, అమ్మ సంగతి. రెండో అక్క అన్నది నిజం. చెక్కల వీధులు పూర్తిగా రాని రోజుల్లో కూడా అమ్మ పడవెక్కేది కాదు. సంతకి అందరూ పడవలో పోతే, తను తాళ్ళ వంతెనలు పట్టుకుని పూటంతా నడిచి వెళ్ళేది. తూలినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది, నొప్పెట్టేది. జీవితంలో ఆవిడ ఎక్కిన పడవ ఒక్కటే, అదీ దింపుడు కల్లానికి, తనకి తెలియకుండా. నా పల్లవిలో నీళ్ళున్నాయి, నావ ఉంది, రేవుంది. అమ్మ లేదు. ఇన్నేళ్ళూ అందంగా ఉందని చూసుకున్నాను గానీ, ఎవరి కోసం కట్టానో ఆవిణ్ణే అందులోకి రానివ్వలేదు. చరణం ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది.

ఏడు. పుష్యం చివర

మొదటి అక్క దగ్గరికి వెళ్ళాను. మోసపోయానన్న కోపంతో వెళ్ళలేదు. ఆవిడ నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు.

"నీకేమైనా లోటుందా అక్కా?"

"నాకేం లోటే? సుఖంగా ఉన్నాను. నీతో అబద్ధమెందుకు?"

నిజంగానే సుఖంగా ఉంది. నా గొంతులో అబద్ధం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది అందులో లేదు. తప్పు బతుకొకటి, ఒప్పు బతుకొకటి అయితే ఇంత బాధే లేదు. రెండూ బతుకులే.

సాయంత్రం ఆయన మోకాళ్ళకి నూనె రాస్తూ అంతా చెప్పాను. చెప్పకుండా ఊరుకున్నా జరిగిపోయేదే. ఎలాగూ రెండో ఆవిణ్ణే ఎంచుకోమన్నాడు. ఎంచుకుని, తర్వాత అయ్యో పొరబడ్డామే అని పేర్రాజులా ముఖం పెడితే సరిపోయేది. ఆ ఆలోచన వచ్చింది, వచ్చిందని ఇక్కడ రాస్తున్నాను.

ఆయన నూనె గిన్నె పక్కకి జరిపాడు.

"అంటే ఆ తిట్టే ఆవిడది తడి ఇల్లన్నమాట" అన్నాడు.

"అవును."

"మంచావిడది పొడి ఇల్లు."

"అవును. నువ్వేమంటావు?"

"నన్నడక్కు. నన్నడిగితే పొడి ఇల్లే అంటాను. అడక్కుండా చేసుకునేదేవన్నా ఉంటే చేసుకో." కాళ్ళు వెనక్కి లాక్కుని లేచాడు. గుమ్మం దగ్గర వదులైన చెక్క ఒకటి ఉంటే దానికి మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. అవసరమైన దానికంటే గట్టిగానే కొట్టాడు.

ఆయన కోపం నాకు అర్థమైంది. అది తగ్గుతుందో లేదో తెలియదు. ఆ మోకాళ్ళు చూస్తూ, నేనేమీ త్యాగం చెయ్యడం లేదని, నాకు కావలసినది ఆయన తడిలోంచి తీసుకుంటున్నానని తెలిసే పడుకున్నాను.

ఎనిమిది. మాఘం, గొంతు చెప్పే రోజు

పొద్దున్నే నీళ్ళు నేనే ఎత్తిపోశాను. ఆయన అప్పటికే పనికి వెళ్ళిపోయాడు.

ఎంచుకునే ముందు అక్కలిద్దరితోనూ ఆఖరిసారి మాట్లాడనిస్తారు. తర్వాత ఇద్దరినీ ఆపేస్తారు. మొదటి అక్క నన్ను దీవించింది. "ఏది ఎంచుకున్నా పాట మాత్రం వదలకే తల్లీ" అంది. ఆ మాటకి వెంటనే తొడుగు తియ్యలేకపోయాను. ఆవిడ మీద ప్రేమ వల్లే.

రెండో అక్క తొందరలో ఉంది. "ఇవాళ ఆఖరట కదా. సరే. ఇంకేమన్నా అడగాలా?"

"అడగను. ఒకటి చెప్పాలి. సంతకి నడిచి వెళ్ళేటప్పుడు అమ్మ నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకునేది. అక్కణ్ణుంచి మొదలుపెడదామనుకుంటున్నాను."

"ఊఁ, చూద్దాం" అంది. మెచ్చుకోలేదు. తొడుగు తీసి బల్ల మీద పెట్టాను.

ఏసుపాదం గారు ఎదురుగా కూర్చుని అడిగారు. "ఏ గొంతండమ్మా?"

"రెండో గొంతు."

ఆయన తలెత్తి చూశారు. "కారణం కూడా రాసుకోవాలండి. మొదటావిడ మీతో అంత బాగా మాట్లాడింది కదా?"

"మొదటావిడకి నా పాట నచ్చిందండి" అన్నాను. "రెండో ఆవిడకి నచ్చలేదు."